ధర పెరిగిన మ్యాక్‌ను వదులుకోవాలా?

యాపిల్ సంస్థ తన సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 2020 నవంబరులో విడుదల చేసినప్పుడు భారత్‌లో దాని ప్రారంభ ధర 92,900 రూపాయలు. 2022లో వచ్చిన ఎం2 నమూనాకు అది 1,19,900 రూపాయలయింది. ఏళ్ల తరబడి మ్యాక్ వాడుతున్నవారు సైతం విండోస్ ల్యాప్‌టాప్‌కు మారాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు.

నిర్ణయానికి ముందు, పెంపు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అమెరికాలో ఎం1 ధర 999 డాలర్లు, ఎం2 ధర 1,199 డాలర్లు. ఈ తేడా పూర్తిగా సంస్థ నిర్ణయమే. అయితే 2025 మార్చిలో ఎం4 నమూనా అమెరికాలో మళ్లీ 999 డాలర్లకే వచ్చినా, ఇక్కడ 99,900 రూపాయలు పలికింది. 2020 చివర్లో సుమారు 74 రూపాయలున్న డాలరు అప్పటికి 87 రూపాయల దరిదాపుల్లో ఉంది. ప్రాసెసర్లు, మెమరీ చిప్‌లు దిగుమతి చేసుకొనే ఇతర సంస్థలకూ ఈ భారం తప్పదు. 18 శాతం జీఎస్టీ అందరికీ సమానమే. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి పెరిగిన మెమరీ ధరలు కూడా ఏ ఒక్క బ్రాండుకో పరిమితం కావు.

యాపిల్‌పై వచ్చే విమర్శల్లో బలమైనది మరొకటి. మ్యాక్‌బుక్‌లో మెమరీ ప్రధాన చిప్‌తో కలిసే ఉంటుంది. కొన్న తరువాత పెంచుకునే వీలు లేదు. 8 జీబీ అదనపు మెమరీకి సంస్థ భారత్‌లో 20,000 రూపాయలు వసూలు చేసింది. బజారులో విడిగా దొరికే మెమరీ ధరతో పోలిస్తే ఇది సమర్థించుకోలేని మొత్తం. 2024 అక్టోబరులో ధర పెంచకుండానే ఎయిర్ కనీస మెమరీని 16 జీబీ చేయడంతో ఆ భారం కొంత తగ్గింది.

ఖరీదైన యంత్రం ఎక్కువ కాలం వస్తుందన్నది మరో వాదన. 99,900 రూపాయల యంత్రం ఏడేళ్లు పనిచేస్తే ఏడాదికి సుమారు 14,270 రూపాయలు. 60,000 రూపాయలది నాలుగేళ్లకే మూలపడితే ఏడాదికి 15,000. లెక్క బాగానే ఉంది కానీ, ఆ ఏడేళ్లకు పూచీ ఎవరిది? 2023 జనవరి వరకు సంస్థ అమ్మిన ఇంటెల్ మ్యాక్ మినీకి 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో అందలేదు. ఇంటెల్ మ్యాక్‌లలో వేటికైనా అదే ఆఖరి వెర్షన్ అని సంస్థ ప్రకటించింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది.

చివరకు చేసే పనిని బట్టే నిర్ణయం ఉంటుంది. ఐఫోన్ యాప్‌లు రూపొందించేవారికి ఎక్స్‌కోడ్ తప్పనిసరి. అది మ్యాక్‌లోనే నడుస్తుంది. ఫైనల్ కట్ ప్రో, లాజిక్ ప్రోలలో ఏళ్ల పని దాచుకున్న వీడియో ఎడిటర్లు, సంగీతకారులకు మారడమంటే కొత్త పనిముట్టును మొదటి నుంచి నేర్చుకోవడమే. బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కల పట్టికలతో పని గడిచేవారికి అలాంటి అడ్డంకి లేదు. వ్యాపార పద్దులకు వాడే ట్యాలీ విండోస్ కోసమే తయారైనది. వారికి మ్యాక్ మీద ఖర్చు ఎప్పుడూ అదనమే. పాత మ్యాక్‌కు భద్రతా అప్‌డేట్‌లు ఇంకా అందుతూ, బ్యాటరీ మాత్రమే బలహీనపడి ఉంటే, బ్యాటరీ మార్పించుకొని కొనుగోలును ఏడాది వాయిదా వేసే దారి కూడా ఉంది.