కౌంటీ, రాష్ట్ర పదవుల అభ్యర్థులు: ఇద్దరు హైదరాబాదు వనితల పరిచయం

2025 నవంబరు మొదటి వారంలో ఒకనాడు మేము ద్వితీయ సంవత్సరం తరగతిలో ఉత్వసంధి బోధిస్తూ ఉండగా ఒక విద్యార్థిని ఉర్దూ దినపత్రిక చేతబట్టుకొని లేచి నిలిచింది. హైదరాబాదులో జన్మించిన గజాలా హాష్మీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైనారని అందులో మొదటి పుటలోనే వార్త. ఆ అమ్మాయి సందేహం ఇది: "సార్, మన దగ్గర గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు కదా! అక్కడ ప్రజలు ఓట్లు వేయడమేమిటి? లెఫ్టినెంట్ గవర్నరంటే పుదుచ్చేరిలో ఉన్న పదవేనా?"

ఆనాటికి ఉత్వసంధిని ప్రక్కన పెట్టవలసి వచ్చింది. మేము తెలుగు బోధించేవారము. రాజనీతి శాస్త్రంలో మాకు గల పరిచయం స్వల్పం. అందుచేత "రేపు చెబుతాను" అని తప్పించుకొని, ఆ సాయంకాలం రాజనీతి శాస్త్ర శాఖలోని మిత్రులను ఆశ్రయించాము. ఆ పిమ్మట స్వయంగా చదివి తెలుసుకొన్న విషయాలను, ఆ అమ్మాయితోపాటు తక్కిన విద్యార్థులకు కూడా ఉపకరించగలవన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ముందుగా ఒక మాట గురించి. తెలుగులో మనం 'అభ్యర్థి' అంటాము. అభ్యర్థించేవాడు, అనగా వేడుకొనేవాడు. ఉర్దూలో 'ఉమ్మీద్‌వార్' అంటారు, ఆశ పెట్టుకొన్నవాడు. ఆంగ్లంలోని 'కాండిడేట్' పదం లాటిన్ భాషలో తెలుపును సూచించే మాట నుండి వచ్చింది. ప్రాచీన రోమునగరంలో పదవిని కోరేవారు సుద్దతో తెల్లగా మెరిపించిన వస్త్రం ధరించి ప్రజల మధ్యకు వచ్చేవారట. మన నాయకుల ఖద్దరు చొక్కాలకు రోముతో ఏ సంబంధమూ లేదు గాని, పోలిక మాత్రం ముచ్చటగానే ఉన్నది. మూడు భాషలలోనూ ఈ మాట వ్యక్తి కోరికను, ఆశను, వేషాన్ని తెలుపుతున్నదే తప్ప అతడు కోరుతున్న పదవి ఎటువంటిదో తెలుపడం లేదు. మన ఎన్నికలలో అభ్యర్థుల పరిచయం కూడా తరచుగా అక్కడే ఆగిపోతున్నది.

ఇక కౌంటీ సంగతి. స్థూలంగా చెప్పాలంటే అది మన జిల్లా వంటిది. అమెరికాలోని యాభై రాష్ట్రాలలో మూడువేల పైచిలుకు కౌంటీలు కలవు. లూసియానాలో వాటిని పారిష్‌లని, అలాస్కాలో బరోలని వ్యవహరిస్తారు. పరిమాణంలో వీటికి పొంతన లేదు: లాస్ ఏంజెలిస్ కౌంటీ జనాభా కోటికి చేరువగా ఉండగా, వేయిమంది కూడా లేని కౌంటీలు కొన్ని ఉన్నవి. మన జిల్లాకూ వారి కౌంటీకీ అసలు భేదం మాత్రం విస్తీర్ణంలో లేదు. మన జిల్లాలో కలెక్టరును, పోలీసు సూపరింటెండెంటును, సబ్ రిజిస్ట్రారును, పబ్లిక్ ప్రాసిక్యూటరును ప్రభుత్వం నియమిస్తుంది. మనం ఓటు వేసి తెచ్చుకొన్నవారు వీరిలో ఒక్కరూ లేరు. అక్కడ ఇటువంటి పనులు చేసేవారిలో అనేకులు ఇంటింటికీ తిరిగి, ఓటు అడిగి రావలసిందే.

వర్జీనియానే ఉదాహరణగా తీసికొందాము. ఆ రాష్ట్ర రాజ్యాంగం కౌంటీ స్థాయిలో ఐదు పదవులను ప్రజలచేత ఎన్నుకోబడే పదవులుగా పేర్కొన్నది. నేరాలపై ప్రభుత్వం పక్షాన వాదించే న్యాయవాది ఒకరు. పన్ను నిర్ణయించే రెవెన్యూ కమిషనరు ఒకరు. ఆ పన్ను వసూలుచేసి భద్రపరచే కోశాధికారి మరొకరు. పన్ను వేసేవారు, డబ్బు ముట్టేవారు వేరువేరుగా ఉండవలెనన్న జాగ్రత్త ఇందులో కనిపిస్తున్నది. దస్తావేజులను, న్యాయస్థానపు రికార్డులను కాపాడే సర్క్యూట్ కోర్టు క్లర్కు నాలుగవవారు. తక్కినవారి పదవీకాలం నాలుగేళ్ళు కాగా వీరిది ఎనిమిదేళ్ళు. మన కార్యాలయాలలో గుమాస్తా అనిపించుకొనే పేరుగల ఉద్యోగికి అక్కడ ఎనిమిదేళ్ళ ప్రజాతీర్పు!

ఐదవవారు షెరీఫ్. ఈ మాట వినగానే మా ఉర్దూ శాఖ మిత్రులొకరు, "షరీఫులను ఎన్నుకొనే దేశమన్నమాట!" అని చమత్కరించారు. మాటకు మూలం అరబ్బీ 'షరీఫ్' కాదు. పాత ఆంగ్లంలో జిల్లాకు 'షైర్' అని, అధికారికి 'రీవ్' అని పేర్లు, ఆ రెండూ కలిసి 'షెరీఫ్' అయినది. ఈ పదవి గురించి మరొక విశేషం. కొన్ని కౌంటీలలో శాంతిభద్రతల భారమంతా షెరీఫుదే. వేరుగా పోలీసు శాఖను ఏర్పరచుకొన్న కౌంటీలలో కారాగారము, న్యాయస్థానపు రక్షణ మున్నగునవి మాత్రమే ఆయనకు మిగులుతవి. కనుక "దొంగతనాలను అరికడతాను" అని షెరీఫు అభ్యర్థి వాగ్దానం చేస్తే, ఆ అధికారం ఆ కౌంటీలో ఆయనకున్నదో లేదో తెలిసిన ఓటరు మాత్రమే ఆ వాగ్దానానికి విలువ కట్టగలడు.

మేరీలాండ్ రాష్ట్రంలో పదవుల పట్టిక వేరుగా ఉంటుంది. అక్కడ వీలునామాల రిజిస్ట్రారు కూడా ప్రజలచేత ఎన్నుకోబడతాడు. చాలా కౌంటీలలో 'అనాథల న్యాయస్థానం' అను పేరుగల కోర్టుకు న్యాయమూర్తులను సైతం ఓటర్లే ఎన్నుకొంటారు. పేరు అట్లున్నా అది ముఖ్యంగా మరణించినవారి ఆస్తి వ్యవహారాలను చూచే కోర్టు. ఇన్ని పదవులకు ఒకేసారి ఓటు వేయవలసి వచ్చినపుడు సామాన్య పౌరుడికి తల తిరగదా అని మాకు సందేహం కలిగింది. తిరుగుతుంది. పట్టిక చివరనున్న చిన్న పదవుల దగ్గరకు వచ్చేసరికి గుర్తు పెట్టకుండానే విడిచిపెట్టేవారు అక్కడా ఉన్నారు.

వర్జీనియాలో ఇంకొక చిక్కు. 2023 ఎన్నికలలో అక్కడి ఓటు పత్రంపై రాష్ట్ర శాసనసభల అభ్యర్థుల పేర్ల ప్రక్కన పార్టీ పేరు ఉన్నది గాని కౌంటీ పదవుల అభ్యర్థుల ప్రక్కన లేదు. మన సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగడం ఇటువంటిదే. మనకు కనీసం ఉంగరమో కత్తెరో ఏదో ఒక గుర్తు ఉంటుంది. వారికి అదీ లేదు. ఉన్నది పేరు మాత్రమే.

మరి ఆ పేరు వెనుకనున్న మనిషిని ఓటరుకు పరిచయం చేసేదెవరు? ఇంటి ముందు గడ్డిలో పాతే చిన్న పలకలు పేరును మాత్రమే చాటుతవి. కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ వంటి పశ్చిమ రాష్ట్రాలలో ప్రభుత్వమే ఓటర్లకు ఒక పుస్తకాన్ని అందజేస్తుంది. అందులో అభ్యర్థులు తమ అర్హతలను, ఉద్దేశాలను తెలుపుకొంటారు. ఇదిగాక 1920లో స్థాపితమైన మహిళా ఓటర్ల లీగ్ అను సంస్థ కలదు. అమెరికా స్త్రీలకు ఓటు హక్కు రాజ్యాంగబద్ధమైన సంవత్సరమే అది. ఈ సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచదు, ఏ అభ్యర్థినీ వ్యతిరేకించదు. ఊరి గ్రంథాలయంలోనో పాఠశాలలోనో ఒకే పదవికి పోటీచేసేవారిని ఒకే బల్ల దగ్గర కూర్చుండబెట్టి, అందరినీ ఒకే ప్రశ్న అడిగి, సమానమైన సమయమిచ్చి సమాధానం చెప్పిస్తుంది. పూలదండలు లేని సభ! మా కళాశాలలో విద్యార్థి సంఘపు ఎన్నికలు జరిగే అదృష్టమే కలిగితే ఈ పద్ధతిని ఒకసారి ప్రయత్నించి చూడవలెనని మా కోరిక.

ఈ నేపథ్యంలో మన ఇద్దరు వనితల సంగతి చూద్దాము. ఇరువురూ 1964లోనే హైదరాబాదులో జన్మించినవారు కావడం కాకతాళీయం.

అరుణా మిల్లర్ కాట్రగడ్డ వారింటి ఆడపడుచు. ఏడేళ్ళ ప్రాయంలో అమెరికా చేరారు. సివిల్ ఇంజనీరింగు చదివి మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ ప్రభుత్వంలో రవాణా ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేశారు. 2000 సంవత్సరంలో అమెరికా పౌరసత్వం లభించింది. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై రెండు పర్యాయాలు సభ్యురాలుగా ఉన్నారు. 2018లో కేంద్ర ప్రతినిధుల సభకు పోటీచేయగోరి, స్వంత పార్టీలోని ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయారు. 2022లో వెస్ మూర్ జోడీగా నిలిచి లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. 2023 జనవరిలో ఆమె భగవద్గీతపై ప్రమాణం చేసిన సంగతినే మేము చదివిన పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. పాతికేళ్ళపాటు కౌంటీ రోడ్ల కొలతలు చూచిన ఇంజనీరు ఆమె అని ఎక్కడో ఒక వాక్యంలో ఉన్నది.

గజాలా హాష్మీ నాలుగేళ్ళ వయస్సులో జార్జియా రాష్ట్రంలోని స్టేట్స్‌బరో అను చిన్న పట్టణానికి చేరారు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. నల్లవారి పిల్లలు, తెల్లవారి పిల్లలు ఒకే బడిలో కూర్చోవడం అప్పుడప్పుడే ఆరంభమవుతున్న రోజులవి. ఆమె ఎమరీ విశ్వవిద్యాలయంలో సాహిత్యంలో డాక్టరేటు పొంది, 1991లో రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చి దాదాపు ముప్పది సంవత్సరాలు అధ్యాపక వృత్తిలో గడిపారు. అందులో అధిక భాగం రెనాల్డ్స్ కమ్యూనిటీ కళాశాలలో. పేద, మధ్యతరగతి పిల్లలు తక్కువ ఖర్చుతో చదువుకొనే చోటు అది. సాహిత్యం చెప్పేవారు పాఠానికి తప్ప మరెందుకూ పనికిరారన్న నానుడి మా స్టాఫ్ రూములో కూడా వినిపిస్తుంటుంది కనుక ఈ వివరం మాకు కొంత ప్రీతిపాత్రమైనదని ఒప్పుకొంటాము.

2017లో కొన్ని ముస్లిం దేశాల వారి రాకపై విధించిన నిషేధం ఆమెను రాజకీయాలవైపు నడిపింది. 2019లో పదవిలో ఉన్న సభ్యుని ఓడించి వర్జీనియా సెనేటులో ప్రవేశించిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. అనంతరం సెనేటు విద్యా, ఆరోగ్య సంఘానికి అధ్యక్షత వహించారు. 2025 జూన్‌లో జరిగిన ప్రాథమిక ఎన్నికలో ఆరుగురు పోటీపడ్డారు. వారిలో రిచ్‌మండ్ మాజీ మేయరు ఉన్నారు, ఒక కౌంటీ పాఠశాల బోర్డు అధ్యక్షుడు ఉన్నారు. ఆమెకు వచ్చినవి మూడింట ఒక వంతుకు తక్కువ ఓట్లే అయినా అందరికంటె ఎక్కువ కాబట్టి అభ్యర్థిత్వం దక్కింది. నవంబరులో గెలిచి, అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళగా నిలిచారు.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చును. అక్కడి గవర్నరు మన ముఖ్యమంత్రి వలె ప్రభుత్వాన్ని నడిపే వ్యక్తి. అందుకే ప్రజలు ఎన్నుకొంటారు. పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరు రాష్ట్రపతి నియమించే అధికారి. మన తెలుగువారి యానాం ఆయన పాలన క్రిందనే ఉన్నది. పేరు ఒక్కటే, పదవి వేరు. అంతేకాదు, అరుణా మిల్లర్, గజాలా హాష్మీ గెలిచిన పదవుల పేరు ఒక్కటే అయినా అవి కూడా ఒక్కటి కావు. మేరీలాండ్‌లో గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు జోడీగా పోటీచేస్తారు. ఇద్దరికీ ఒకే ఓటు. గవర్నరు అప్పగించిన పనులే లెఫ్టినెంట్ గవర్నరు విధులు. వర్జీనియాలో ఇద్దరికీ వేరువేరు ఓట్లు. ఒకరు ఒక పార్టీవారు, మరొకరు వేరొక పార్టీవారు కావడానికీ వీలున్నది. అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు నలభైమంది సభ్యుల సెనేటుకు అధ్యక్షత వహిస్తారు. నలభై సరిసంఖ్య, ఓట్లు ఇరవై, ఇరవైగా చీలితే తేల్చే ఓటు ఆమెది. కనుక అరుణా మిల్లరును ఓటరు అడుగవలసింది "గవర్నరు మీకు ఏ పని అప్పగిస్తారు?" అని; గజాలా హాష్మీని అడుగవలసింది "సభ సమానంగా చీలిన రోజున మీరు ఎటువైపు?" అని. "మీరు హైదరాబాదు వారా?" అన్న ప్రశ్నకు మన దగ్గర ఎంత విలువ ఉన్నా అక్కడి ఓటరుకు దానితో పని తక్కువ.

మేము మాత్రం ఆమె గెలిచిన వార్త చదివి, మన హైదరాబాదు, మన మతం, మన వృత్తి అని మూడు విధాల సంతోషించిన తరువాతనే ఆ పదవి ఏమిటో తెలుసుకొన్నాము. ఈ వరుస మాకు కొత్త కాదు.

2019 మే నెలలో తెలంగాణలో మండల, జిల్లా పరిషత్ ప్రాదేశిక ఎన్నికలు జరిగినపుడు మాకు ఒక గ్రామంలో పోలింగు విధులు పడ్డాయి. ఒక్కొక్క ఓటరుకు రెండు కాగితాలు: ఎంపీటీసీకి గులాబీ రంగుది, జడ్పీటీసీకి తెల్లది. ఒక వృద్ధురాలు రెండింటినీ చేతబట్టుకొని మమ్మల్ని అడిగింది: "బిడ్డా, గులాబీది మా ఊరి దానికని ఎరుకనే. గీ తెల్లది దేనికి?" జిల్లా పరిషత్తుకని చెప్పాము. "గాయన మాకేం జేస్తడు?" అన్నది. అభ్యర్థుల గురించి ఒక్క మాట పలుకరాదని మాకు శిక్షణలో నూరిపోశారు. కానీ ఆమె అడిగింది అభ్యర్థి గురించి కాదు, పదవి గురించి. దానికి చట్టం అడ్డు చెప్పదు, మాకే తెలియదు. "లోపలికి వెళ్ళు అమ్మా, వెనుక వరుస ఉన్నది" అన్నాము. ఆమె వెళ్ళి ఓటు వేసింది.

న్యాయస్థానపు తీర్పుల పుణ్యమా అని 2003 నుండి శాసనసభ, లోక్‌సభ అభ్యర్థులు తమ ఆస్తులను, చదువును, తమపై ఉన్న కేసులను ప్రమాణపత్రంలో వెల్లడించవలసి ఉన్నది. 2015 నుండి ఓటింగు యంత్రంపై అభ్యర్థి ఛాయాచిత్రమూ ఉంటున్నది. వ్యక్తి పరిచయానికి ఇవి మేలైన ఏర్పాట్లే. తెల్ల కాగితం దేనికో చెప్పేవి మాత్రం కావు.

జిల్లా పరిషత్తులో ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయని, వాటిలో ఒకటి విద్యా వైద్య సేవలకు సంబంధించినదని ఈ వ్యాసం కొరకు చదువుతూ ఉండగా తెలిసింది. గజాలా హాష్మీ వర్జీనియాలో అధ్యక్షత వహించిన సంఘం వంటిదే, మన జిల్లా స్థాయిలో. ఆనాడు మేము పోలింగు జరిపించిన గది గోడపై నీలిరంగు అక్షరాలతో 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని వ్రాసి ఉన్నది. ఆ వృద్ధురాలు సరిగ్గా ఆ అక్షరాల క్రిందనే నిలబడి అడిగింది.