ఓడ ఎక్కే ముందు అడగవలసిన సంగతులు

వేసవి సెలవులంటే ఊటీ, కొడైకెనాల్ అనుకున్న కుటుంబాలే నేడు క్రూయిజ్ మాట ఎత్తుతున్నాయి. ఇది ఒక ఊరి నుండి మరో ఊరికి చేర్చే ఓడ కాదు. ఓడలోనే తిని, నిద్రించి, దారిలో ఒకటి రెండు రేవులు చూసుకొని, ఎక్కువ పాళ్ళు ఎక్కినచోటనే తిరిగి దిగే విహారయాత్ర. మన తెలుగువారికి ఇది మూడు దారులలో అందుతున్నది. మొదటిది మన దేశంలోనిది. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ముంబయి నుండి యాత్రలు ప్రారంభించింది. 2022 జూన్‌లో ఆ ఓడ విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. రెండవది సింగపూర్ చూడబోయినవారు అక్కడి నుండి మూడు నాలుగు రాత్రులకు ఎక్కే ఓడ. మూడవది అమెరికాలోని పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకొని మయామి నుండో, గాల్వెస్టన్ నుండో తీసుకొనిపోయే యాత్ర.

ఈ మూడవ తరగతివారి నుండే మాకు ప్రశ్నలు ఎక్కువ. అడిగేవారు అరవై దాటినవారు. "అబ్బాయి టికెట్లు తీసేశాడు అయ్యగారూ, ఈ వయసులో మేము తట్టుకోగలమా?" అన్నది అందరి మాట. తట్టుకోగలరు, సందేహం లేదు. నడవలేనివారికి విమానం, బస్సు, హోటలు మార్చుకుంటూ తిరిగే యాత్ర కంటె ఇదే సుఖం. పెట్టె ఒకసారి విప్పితే చాలు. అయితే పిల్లలు టికెట్టు ఎంత అని చూస్తారు. డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో మొదట చూడమని మేము చెబుతాము.

పెద్ద ఓడలలో డాక్టరు, నర్సులు ఉంటారు. జ్వరం, విరోచనాలు, దెబ్బలు చూస్తారు. గుండెనొప్పి వస్తే ఇ.సి.జి. తీసి, మందిచ్చి నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. కాని అది ఆసుపత్రి కాదు. పెద్ద ఆపరేషన్లు అక్కడ జరగవు. పరిస్థితి విషమిస్తే తరువాతి రేవులో దించుతారు, లేదా తీరం అందేంత దూరంలో ఉంటే హెలికాప్టరు పిలుస్తారు. ఆ దించిన ఊరు మీకు తెలిసిన ఊరు కాదు. అక్కడి ఆసుపత్రి బిల్లు, అక్కడి నుండి ఇంటికి చేర్చే ఖర్చు ఒక కుటుంబం జీవితకాలం దాచుకున్నదానిని మింగివేయగలవు. ఓడలోని వైద్యానికి కూడా డబ్బు అక్కడికక్కడే మీ లెక్కలో వ్రాస్తారు. తరువాత ఇన్సూరెన్సు వారిని మీరే అడిగి తెచ్చుకోవాలి.

కనుక ఇన్సూరెన్సు విషయంలో మొహమాటపడవద్దు. ఇక్కడ మనం కట్టే ఆరోగ్య పాలసీ చాలావరకు దేశం దాటితే పనిచేయదు. అమెరికా వెళ్ళే పెద్దలకు పిల్లలు తీసే విజిటర్ పాలసీ అమెరికాలో పనిచేసినా, ఓడలోను, మెక్సికో వంటి చోట్లను పనిచేస్తుందా అన్నది వేరే సంగతి. పాలసీ కాగితంలో మూడు మాటలు వెదకండి: ఓడ ప్రయాణం, ముందునుండి ఉన్న జబ్బులు, రోగిని తరలించే ఖర్చు. బి.పి., షుగరు, స్టెంటు ఉన్నవారు వాటిని దాచక వ్రాయించాలి. ప్రీమియం నాలుగు డబ్బులు పెరుగుతుందని దాచిన జబ్బుకు, తీరా అవసరం వచ్చినప్పుడు పైకం రాదు.

మందులు ప్రయాణ దినాలకంటె ఒక వారం ఎక్కువగా, స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. అవి చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకొని, కొన్ని గంటల తరువాత గది ముందుకు చేరుస్తారు. మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర ఆ పెట్టెలో ఉంటే అంతే సంగతులు.

మోకాళ్ళ నొప్పులవారు మరొక ప్రశ్న అడగాలి. ప్రతి రేవులోను ఓడ గట్టుకు ఆనదు. లక్షద్వీప్‌లోను, కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్‌లోను పెద్ద ఓడ దూరంగా ఆగి, చిన్న పడవలలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. ఊగే పడవలోకి అడుగు వేయగలరా? వేయలేకపోతే ఆ రోజు ఓడలోనే కూర్చొని, ఖాళీ అయిన డెక్కుమీద సముద్రం చూసుకోవచ్చు. అదీ మంచిదే.

"వాంతులు అవుతాయా?" అని అడగనివారు లేరు. పెద్ద ఓడ పడవలా ఊగదు గాని, సముద్రం పొంగినప్పుడు కదలిక తెలుస్తుంది. క్రింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో గది తీసుకుంటే ఊపు తక్కువ. కడుపులో త్రిప్పితే గదిలో ముడుచుకొని పడుకోక పైకి వచ్చి గాలి పీల్చి, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతను చూడాలి. అల్లం ముక్క కొందరికి గుణం ఇస్తుంది. మాత్ర వేసుకునేవారు త్రిప్పుడు మొదలు కాకముందే వేసుకోవాలి. గ్లకోమా గాని, ప్రోస్టేటు బాధ గాని ఉన్న పెద్దలు మాత్రం డాక్టరును అడగకుండ ఆ మాత్రలు వేసుకోరాదు. కాలం కూడా చూసుకోవాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం గరుకుగా ఉంటుంది. మన బంగాళాఖాతంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలమని కోస్తావారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కరీబియన్‌లో జూన్ మొదలు నవంబరు వరకు తుపానుల భయం. ఆ నెలలలోనే టికెట్టు చవక!

కాగితాల మాట. మన దేశపు రేవుల మధ్యనే తిరిగే యాత్రకు అసలు గుర్తింపు కార్డు చాలు, జిరాక్సు కాదు. దేశం దాటితే పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలి. సింగపూర్‌లో ఎక్కి మరల సింగపూర్‌లో దిగేవారు ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశిస్తున్నట్లు లెక్క. కనుక వీసా ఒక్కసారికేనా, పలుమార్లకా అని చూడండి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అడగదు. అలాగని దారిలోని ప్రతి దీవీ అడగదని కాదు, ఒక్కొక్క రేవు పేరు వ్రాసి విచారించాలి. అక్కడ చదువుకుంటున్న మీ అబ్బాయి, అమ్మాయి ఐ-20 కాగితం మీద ప్రయాణపు సంతకం ఉన్నదో లేదో చూసుకోవాలి. తల్లిదండ్రులను జాగ్రత్తగా తీసుకొనివెళ్ళి తానే రేవులో చిక్కుకొనరాదు గదా.

ఖర్చు సంగతి. ప్రకటనలో కనిపించే ధర గదికి ఇద్దరు చొప్పున, మనిషి ఒక్కంటికి. రేవు రుసుములు, పన్నులు అందులో కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. అమెరికా ఓడలలో పనివారి నిమిత్తం మనిషికి రోజుకు 16 నుండి 20 డాలర్ల వరకు కలుపుతారు. వై-ఫై, కూల్‌డ్రింకులు, ఒడ్డున తిరిగే బస్సు, ఇవన్నీ వేరు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టనివారికి నడిసముద్రపు రోమింగ్ బిల్లు ఇంటికి వచ్చాక తెలుస్తుంది. భర్తను కోల్పోయిన తల్లికి వేరుగా గది తీస్తే దాదాపు ఇద్దరి డబ్బు అడుగుతారు. పిల్లల గదిలోనే మూడవ మనిషిగా వ్రాయిస్తే తక్కువలో పోతుంది గాని, ఆ మూడవ పడక గోడమీది బెర్తు కావచ్చును. అమ్మను నిచ్చెన ఎక్కించకండి. క్రింది పడక ఆమెకు ఇవ్వండి.

ఓడ ఎవరికోసమూ ఆగదు. విమానం ఆలస్యమైనదంటే వినేవారు లేరు, కనుక ముందు రోజే ఆ ఊరు చేరుకోవడం మేలు. రేవులలో దిగినప్పుడు ఓడవారు ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు. మీ సొంత టాక్సీ కోసం ఆగరు. రేవు తప్పినా డబ్బు పూర్తిగా తిరిగి రాదు. 2022 జూన్‌లో కార్డీలియా ఓడకు పుదుచ్చేరిలో అనుమతి దొరకక, ప్రయాణికులు దిగకుండానే వెనుదిరగవలసి వచ్చింది. ఓడలోని జూదశాల గురించిన అభ్యంతరమే అందుకు మూలం.

ఆ జూదశాల మాట వచ్చింది గనుక చెబుతున్నాము. ఓడలో నగదు ఉండదు. గది తలుపు తెరిచే కార్డే అన్నిటికీ డబ్బు. ఆ కార్డుతోనే బారు, ఆటలు, దుకాణాలు. చేతినుండి నోటు వదలకపోతే ఖర్చు నొప్పి తెలియదు. మొదటి రోజే కౌంటరు దగ్గరకు వెళ్ళి పిల్లల కార్డులకు హద్దు పెట్టించండి, ప్రతి రాత్రి లెక్క చూసుకోండి. కళాశాల వయసు పిల్లలను ఓడ మూసిన చోటే గదా అని వదిలివేయడం తెలివి కాదు.

ఇక చాలామంది తేలికగా తీసుకొనేది, మేము గట్టిగా చెప్పదలచినది, ప్రమాద సాధన. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన గిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి తగిలి ఒరిగింది. 32 మంది మరణించారు. ఓడలో పనిచేసే మన భారతీయుడు ఒకరు వారిలో ఉన్నారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి సాధన ఇంకా జరగలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమం మార్చి, 2015 నుండి ఓడ కదలకముందు గాని, కదిలిన వెంటనే గాని సాధన జరగాలన్నారు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినబడితే అది అపాయపు గుర్తు. మీరు చేరవలసిన చోటు కార్డుమీదనో, తలుపు వెనుకనో వ్రాసి ఉంటుంది. గదినుండి అక్కడికి లిఫ్టు లేకుండ ఒక్కసారి నడిచి చూడండి. అత్తగారిని ఎవరు పట్టుకుంటారు, పసివాణ్ణి ఎవరు ఎత్తుకుంటారు అన్నది ఆ పూటే అనుకోండి.

భోజనం గురించి బెంగ వద్దు. మాంసం ముట్టనివారికి, గొడ్డుమాంసం తిననివారికి టికెట్టు తీసేటప్పుడే వ్రాయిస్తే వండిపెడతారు. ఇంటి వంట, రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె చాలా ఓడలలో రానివ్వరు. సీలు వేసిన ఆవకాయ పొట్లం సాధారణంగా సాగుతుంది. భోజనశాల గుమ్మంలో చేతులు సబ్బుతో కడుక్కోండి. విరోచనాలు తెచ్చే క్రిములకు, అక్కడ పెట్టే జెల్లు కంటె సబ్బే గట్టిది. ఆరు నెలలలోపు బిడ్డను, 24 వారాలు నిండబోయే గర్భవతిని చాలా సంస్థలు ఎక్కించుకోవు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు. తెల్లవారితే అవి రేవులో దొరుకుతాయి. ఉత్సాహంగా బట్టలన్నీ సర్ది పెట్టేసినవారు ఉదయం లుంగీతోనో, నైటీతోనో దిగవలసి వస్తుంది. ఒక జత బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టులు, ఉదయపు మాత్రలు లోపలే ఉంచుకోండి.