లింక్డ్ లిస్ట్ ఇంట్లో రన్ అయింది, ల్యాబ్‌లో క్రాష్ అయింది: ఎందుకు?

"అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బానే రన్ అయింది, ల్యాబ్ ఎగ్జామ్‌లో మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చింది" అంటారు చాలామంది. ల్యాబ్ సిస్టమ్‌ని తిట్టుకోకండి. తప్పు కోడ్‌లో ముందు నుంచీ ఉండొచ్చు, ఇంట్లో బయటపడలేదంతే.

ఉదాహరణకి 10, 20, 30 అని మూడు నోడ్లు ఉన్నాయి. లిస్ట్ మొత్తం డిలీట్ చేయాలి. లూప్‌లో రెండు లైన్లు రాస్తారు: ముందు పీ ని ఫ్రీ చేయడం, తర్వాత పీ ని పీ యారో నెక్స్ట్‌కి జరపడం. ప్రాబ్లం ఇక్కడే.

ఫ్రీ అంటే అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళం ఓనర్‌కి ఇచ్చేయడం. తర్వాతి నోడ్ అడ్రస్ రాసిన చీటీ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మళ్లీ వెళ్తే, ఎవరూ ముట్టుకోకపోతే చీటీ దొరుకుతుంది, ప్రోగ్రామ్ నడిచిపోతుంది. కానీ మెమరీ అలకేటర్ ఆ చోట తన లెక్కలు రాసుకుంటే మీకు దొరికేది చెత్త అడ్రస్. నడవొచ్చు, క్రాష్ అవ్వొచ్చు, గ్యారంటీ లేదు. సీ లో దీన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు.

మరి పట్టుకోవడం ఎలా? లినక్స్‌లో జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు రెండు ఆప్షన్లు కలపండి: మైనస్ జీ, మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్ టు అడ్రస్. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో చేయొచ్చు. ఇప్పుడు రన్ చేస్తే "హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ" అని పెద్ద రిపోర్ట్ వస్తుంది. భయపడొద్దు, అందులో మూడే చూడండి: ఏ లైన్‌లో చదివారు, ఏ లైన్‌లో ఫ్రీ చేశారు, ఏ లైన్‌లో మాలాక్ చేశారు.

ఇంకో క్లూ ఉంది. 16 బైట్ల బ్లాక్‌లో 8 బైట్లు లోపలికి చదివారని కూడా చెప్తుంది. 64 బిట్ సిస్టమ్‌లో మన నోడ్ లెక్క ఇది: డేటా 4, ప్యాడింగ్ 4, నెక్స్ట్ 8. అంటే 8 బైట్ల తర్వాత మొదలయ్యేది నెక్స్ట్. ఫ్రీ అయిపోయిన నోడ్‌లో నెక్స్ట్‌ని చదివారని ఆ అంకే చెప్పేసింది.

ఫిక్స్ సింపుల్. ముందు పీ యారో నెక్స్ట్‌ని టెంప్‌లో దాచండి, తర్వాత పీ ని ఫ్రీ చేయండి, అప్పుడు పీ లో టెంప్ పెట్టండి. లూప్ అయ్యాక మెయిన్‌లో ఉన్న హెడ్‌ని నల్ చేయండి. డిలీట్ ఫంక్షన్‌కి హెడ్‌ని మామూలుగా పంపితే లోపల మారేది కాపీ మాత్రమే. అది మర్చిపోతే, డిస్‌ప్లే పిలవగానే మళ్లీ ఖాళీ చేసిన ఇంటికే వెళ్తారు.

ఈ రెండు ఆప్షన్లతో మీ ల్యాబ్ ప్రోగ్రామ్ ఇవాళే ఒకసారి రన్ చేయండి. తప్పు ఎగ్జామ్‌లో కాదు, ఇంట్లోనే బయటపడాలి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.