పొగ లేదు సరే, గాలిలోకి వెళ్తున్నదేమిటి?

అపోహలు – వాస్తవాలు

వత్తి ఉండని సెంటు మైనపు ముక్కలు ఇప్పుడు గిఫ్టు షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ విరివిగా దొరుకుతున్నాయి. వీటిని వ్యాక్స్ మెల్ట్స్ అంటున్నారు. కరెంటు వార్మర్ మీద గానీ, అడుగున టీలైట్ వెలిగించిన పింగాణీ గిన్నెలో గానీ పెడితే కరిగి ఇల్లంతా గుబాళిస్తాయి. నిప్పుల మీద సాంబ్రాణి చల్లే ఇళ్లలో, ప్లగ్గుకు పెట్టే కర్పూర దాని కొన్న ఇళ్లలో కూడా జరిగేది దాదాపు ఇదే. వేడి తగిలి పరిమళ ద్రవ్యం గాలిలో కలుస్తుంది. వీటి గురించి చెప్పుకునే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: మంట లేదు, పొగ లేదు. కాబట్టి గాలి పాడవదు.

వాస్తవం: మసి పట్టదన్నది నిజం. కరెంటు వార్మర్‌లో వత్తి కాలదు కాబట్టి గోడకు నలుపు అంటదు. అయితే పొగ ఒక్కటే కాలుష్యం కాదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగశాల ఇంట్లో వ్యాక్స్ మెల్ట్స్ కరిగించి గాలిని కొలిచారు. ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఒక ఘన సెంటీమీటరు గాలిలో 10 లక్షలకు పైగా నానో రేణువులు పుట్టుకొచ్చాయి. కొవ్వొత్తులు, గ్యాస్ పొయ్యిలు, డీజిల్ ఇంజిన్లు వెదజల్లే రేణువుల సంఖ్యతో పోల్చదగిన స్థాయి అది.

మంట లేకుండా రేణువులు ఎలా పుట్టాయి? నిమ్మజాతి వాసనలో లిమొనీన్, దేవదారు జాతి వాసనలో పైనీన్, లావెండర్‌లో లినలూల్ ఉంటాయి. ఇవన్నీ టెర్పీన్లు. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే ఓజోన్ వీటిని తాకగానే రసాయన చర్య మొదలవుతుంది. అలా పుట్టిన పదార్థాలు ఒకదానికొకటి అంటుకుని రేణువులవుతాయి. కొంత ఫార్మాల్డిహైడ్ కూడా తయారవుతుంది. ఈ రేణువుల పరిమాణం 100 నానోమీటర్ల లోపే కాబట్టి ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లగలవు. సెంటు కలపని మైనాన్ని కరిగించినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ రేణువులు రాలేదు. అంటే దోషం మైనానిది కాదు, పరిమళానిది. వీటిని పీలిస్తే ఫలానా జబ్బు వస్తుందని ఆ అధ్యయనం తేల్చలేదు. అది కొలిచింది గాలిని మాత్రమే. మంట లేదు గనుక గాలికి ఢోకా లేదన్న ప్రచారం మాత్రం ఆ కొలతల ముందు నిలవలేదు.

అపోహ: పారఫిన్ మైనం విషం, సోయా మైనమైతే నిశ్చింత.

వాస్తవం: ఈ వాదం కొవ్వొత్తుల నుంచి వచ్చింది. కొవ్వొత్తిలో మైనమే ఇంధనం, అది కాలుతుంది. వార్మర్‌లో మైనం కాలదు, కరుగుతుందంతే. సోయా మైనం సుమారు 50 డిగ్రీల వద్ద, పారఫిన్ రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతాయి. ఆ వేడికి మైనం ఆవిరైపోదు. ముక్కను గిన్నెలో వేసి గమనించండి. ముందు అంచులు జారతాయి, కాసేపటికి నూనెలా తేటపడుతుంది. కొన్ని రోజులు వాడాక వాసన పూర్తిగా పోయినా, చల్లార్చి పెకలిస్తే బిళ్ల దాదాపు అంతే ఉంటుంది. తగ్గింది సెంటు ఒక్కటే. అందుకే డబ్బా మీద ‘సోయా’ అని ఉందా లేదా అన్నదానికన్నా లోపల ఏ పరిమళం ఎంత కలిపారన్నదే ముఖ్యం.

అపోహ: ఎసెన్షియల్ ఆయిల్ సహజం కాబట్టి హాని ఉండదు.

వాస్తవం: కమలా తొక్క నుంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా లిమొనీన్ లిమొనీనే. ఓజోన్ దాని పుట్టుపూర్వోత్తరాలు అడగదు. గాలి తగిలి ఆక్సీకరణం చెందిన లిమొనీన్, లినలూల్ కొందరికి చర్మ అలర్జీ తెస్తాయి. ఘాటైన వాసన ఏదైనా ఆస్తమా ఉన్నవారిలో ఆయాసాన్ని రేపవచ్చు. పిల్లిని పెంచుకునేవారు మరింత జాగ్రత్తపడాలి. ఇలాంటి కొన్ని పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. టీట్రీ ఆయిల్ వాటికి విషంతో సమానం. పంజరంలోని పక్షుల ఊపిరితిత్తులు కూడా సున్నితమైనవే.

అపోహ: వాసన తెలియడం లేదంటే సెంటు అయిపోయినట్టే, ఇంకో ముక్క వేయాలి.

వాస్తవం: ఒకే వాసనను వరసగా పీలుస్తుంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీకు ఏమీ తెలియని గదిలోకి బయటి నుంచి వచ్చినవారు ‘ఇంత ఘాటేంటి’ అంటారు. పావుగంట బయట తిరిగొచ్చి చూశాక కూడా వాసన లేకపోతేనే ముక్క మార్చాలి. లేదంటే ముక్కు మొద్దుబారిందని తెలియక గాలిలో మోతాదు పెంచుకుంటూ పోతాం.

అపోహ: మంచి వాసన వస్తోందంటే గాలి శుభ్రపడినట్టే.

వాస్తవం: సెంటు చెడు వాసనను తీసేయదు, కప్పేస్తుంది. గోడ చెమ్మకు పట్టిన బూజు, సింకు గొట్టంలో కుళ్లిన మెతుకులు, తడి ఆరని చెప్పులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇందులో అసలైన ముప్పు ఒకటుంది. వంటగ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే పసిగట్టడానికే అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే దుర్గంధాన్ని కలుపుతారు. వంటింటి పక్కనే ఘాటైన సెంటు నింపుకుంటే ఆ హెచ్చరిక ఆలస్యంగా అందవచ్చు. గ్యాస్ వాసన వస్తే ముందు తలుపులూ కిటికీలూ తెరవాలి. రెగ్యులేటర్ కట్టేయాలి. వార్మర్‌తో సహా ఏ స్విచ్చీ వేయకూడదు, ఆపకూడదు.

అపోహ: కర్పూరం వేడిచేసి పీలిస్తే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుంది.

వాస్తవం: 2021లో కోవిడ్ రెండో ఉధృతి సమయంలో కర్పూరం, వాము, లవంగం మూటకట్టి వాసన చూడమన్న వాట్సాప్ సందేశాలు ఊరూరా తిరిగాయి. రక్తంలో ఆక్సిజన్‌ను కర్పూరం పెంచుతుందనడానికి ఆధారం లేదు. ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నాడుల మీద అది పనిచేస్తుంది. దాంతో గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, లోపలి దారి ఏమీ విశాలం కాదు.

కర్పూరం గది వేడికే నేరుగా ఆవిరవుతుంది. కర్పూర దానిలో వేడి తగిలితే ఇంకా వేగంగా లేచి, కాస్త చల్లగా ఉన్న అంచుల్లో మళ్లీ తెల్లటి పొడిగా పేరుకుంటుంది. ఆ పొడినీ, బిళ్లల డబ్బానూ చిన్నపిల్లలకు అందనివ్వకూడదు. పసివాళ్లకు గ్రాము కర్పూరం కూడా ప్రాణాంతకం కావచ్చు. మింగితే కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపు ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేకు ముక్కల్లా, పండ్లలా పోతపోసిన సెంటు మైనాన్ని కూడా పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. దానికీ అటక మీదే చోటు.

అపోహ: స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేస్తే పసిబిడ్డకు జలుబు చేయదు.

వాస్తవం: తలంటిన బిడ్డను ఒళ్లో వేసుకుని, తల మీద బుట్ట బోర్లించినట్టు గుడ్డ కప్పి పొగ పట్టించే అమ్మమ్మల ఉద్దేశం మంచిదే, తడి త్వరగా ఆరాలని. కానీ తడిని ఆర్చేది వెచ్చదనం, పొగ కాదు. సాంబ్రాణి అంటే సుమత్రా, లావోస్ ప్రాంతాల్లో పెరిగే స్టైరాక్స్ చెట్ల బంక. నిప్పు మీద పడగానే అది కరిగి ఆగదు, మాడుతుంది. ఆ పొగలో సూక్ష్మ రేణువులతో పాటు బెంజీన్ లాంటివీ ఉంటాయి. కింద రగిలే బొగ్గుల నుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే నెలల బిడ్డ 30 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. పిల్లికూతలు, దగ్గు ఉన్న బిడ్డకు ఈ పొగ మరీ చేటు. మెత్తటి పొడి తువ్వాలుతో తల ఒత్తి, గాలి తగలని చోట పడుకోబెడితే చాలు. పూజకు సాంబ్రాణి వేయాలనుకుంటే వేయండి. బిడ్డ వేరే గదిలో ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి.

అపోహ: ఫ్లాష్ పాయింట్ దాటిన మైనంలో సెంటు కలిపితే వాసనంతా ఎగిరిపోతుంది.

వాస్తవం: ఇంట్లోనే వ్యాక్స్ మెల్ట్స్ తయారుచేసి అమ్మేవారిలో ఈ మాట బలంగా నాటుకుంది. ఫ్లాష్ పాయింట్ అంటే నూనె ఆవిరికి నిప్పురవ్వ తగిలితే అంటుకునే వేడి. అది అగ్నిప్రమాదానికి సంబంధించిన లెక్క, సువాసనకు కొలత కాదు. సెంటు ఏ వేడిలోనైనా ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. మైనం పట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ పోస్తే వాసన పెరగదు, బిళ్ల పైన నూనె చెమటలా ఊరుతుంది.

వీటిని బొత్తిగా మానేయాలని ఎవరూ అనడం లేదు. ముందు దుర్వాసనకు కారణమేదో వెతికి కడిగేయండి. ఆపైన కావాలంటే చిన్న ముక్క, కొద్దిసేపు, గాలి ఆడే గదిలో కరిగించండి. ఎండ మండే మధ్యాహ్నాల్లో బయట ఓజోన్ ఎక్కువ కాబట్టి సాయంత్రం వాడటం మేలు. ఓజోన్ వదిలే ఎయిర్ ప్యూరిఫయర్ ఉన్న గదిలో అసలే వద్దు. మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకండి, మూత పెట్టి ఆర్పండి. వాడేసిన మైనాన్ని సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే దూదితో అద్ది చెత్తబుట్టలో వేయండి. ఇంట్లో ఆస్తమా రోగి, నెలల బిడ్డ, పిల్లి, చిలక – వీరిలో ఎవరున్నా వార్మర్ కన్నా తెరిచిన కిటికీయే మంచిది.