ప్రవేశావకాశమును లెక్కించుట ఎట్లు?

సిరిసిల్లలో మరమగ్గము నడుపు ఒక తండ్రి, కుమార్తె డిగ్రీ ముగించుచుండగా, "మా బిడ్డకు ఐ.ఐ.ఎం.ల సీటు వస్తదా?" అని అడిగెననుకొందము. శిక్షణకై హైదరాబాదు పంపవలెనన్నచో అప్పు చేయక తప్పదు. వచ్చునని ఉత్సాహపరచుట సులభము; మనకెక్కడిదని నిరుత్సాహపరచుట ఇంకను సులభము. ఈ రెండును సమాధానములు కావు. లెక్క చూచి చెప్పవలెను.

1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో మొదలైన ఈ సంస్థలు నేడు ఇరువదికి మించినవి. 2015లో విశాఖపట్నమునందును ఒకటి వెలసినది. వీనికి ద్వారము క్యాట్ పరీక్ష. డిగ్రీలో 50 శాతము మార్కులున్నవారు దీనికి అర్హులు. షెడ్యూల్డు కులములు, తెగలు, దివ్యాంగులకు 45 శాతము చాలును. ఇది గడప మాత్రమే. గడప దాటినవారందరికిని పీట దొరకదు.

ఫలితము పర్సంటైల్ రూపమున వచ్చును. 99 పర్సంటైల్ అనగా నూటికి 99 మార్కులని పలువురు పొరబడుదురు. అది మార్కు కాదు, వరుసలో స్థానము. 2024లో సుమారు 2 లక్షల 93 వేల మంది ఈ పరీక్ష వ్రాసిరి. 99 పర్సంటైల్ వచ్చినవారికి పైనను దాదాపు 2,900 మంది ఉందురని దీని భావము.

పరీక్షలో మూడు భాగములు: ఆంగ్ల పఠనము, సమాచార విశ్లేషణతో కూడిన తర్కము, గణితము. ఒక్కొక్కదానికి 40 నిమిషములు. మొత్తము ఎంత బాగున్నను, ఒక భాగమున కనీస స్థాయి తప్పినచో పిలుపు రాదు. తెలుగు మాధ్యమమున చదివిన మన జిల్లాల విద్యార్థులకు గణితము కలిసివచ్చినను ఆంగ్లము అడ్డుపడుట కద్దు. కావున అంచనాను బలమైన భాగముతో గాక బలహీనమైన భాగముతో ఆరంభింపవలెను.

సరియైన జవాబుకు 3 మార్కులు. నాలుగింటిలో ఒకటి ఎంచు ప్రశ్నలలో తప్పునకు 1 మార్కు కోత. గుడ్డిగా గుర్తించినచో సగటున లాభమును లేదు, నష్టమును లేదు. ఒక్క తప్పు జవాబునైనను తెలిసి తొలగించినచో లాభము ఆరంభమగును.

ఆపై పదవ తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవము, ముఖాముఖి గణనకు వచ్చును. కొన్ని సంస్థలు బాలికలకును, ఇంజనీరింగు కాక ఇతర శాస్త్రములు చదివినవారికిని కొన్ని పాయింట్లు కలుపును. వెనుకబడిన తరగతులవారు ఒక సంగతి మరువరాదు: రాష్ట్ర జాబితాలో ఉన్న కులము కేంద్ర జాబితాలో లేకపోవచ్చును. 27 శాతము కోటాకు కేంద్ర నమూనాలోని ధ్రువపత్రమే చెల్లును. దానిని ముందే సంపాదించుట మేలు.

రాష్ట్రమునందలి ఎం.బి.ఏ. కళాశాలలకు ఐసెట్ కలదు. 200 ప్రశ్నలు, 150 నిమిషములు; తప్పునకు కోత లేదు. అందు ఒక్క ప్రశ్నయు విడువరాదు. కరీంనగరములోని శాతవాహన విశ్వవిద్యాలయపు ఎం.బి.ఏ.కు ఇదియే దారి.

కావున ఆ తండ్రికి మా సలహా ఇది. అప్పు చేయుటకు ముందు, పాత ప్రశ్నపత్రమొకటి తెచ్చి, గడియారము ముందుంచుకొని బిడ్డచే వ్రాయింపుడు. మూడు భాగముల మార్కులు వేరువేరుగా వ్రాసియుంచుడు. రెండు నెలలు ఇంటివద్దనే సాధన చేయించి మరల మరియొకటి వ్రాయింపుడు. మొదటి అంకె ఆమె నేడు ఎచ్చట నున్నదో చెప్పును. రెండింటి నడిమి భేదము ఎంత దూరము పోగలదో చెప్పును. అప్పు సంగతి ఆ తరువాత ఆలోచింపవచ్చును.