మీ బిడ్డకు మాటలు ఆలస్యమా?

“మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, వీడికీ వస్తాయిలే” అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. నిజమే కావచ్చు. కాని ఆ ధైర్యంతోనే ఏడాది గడిపేస్తే, పోయిన కాలం తిరిగి రాదు.

16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు “అమ్మా, పాలు” అని రెండు మాటలు కలపలేకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు మానేసినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. చెవికి వినపడని మాట నోటికెలా వస్తుంది?

తరువాత స్పీచ్ థెరపీ. మీరుండేది ఆళ్లగడ్డ, థెరపీకి వెళ్లేది నంద్యాల అనుకుందాం. సుమారు 40 కిలోమీటర్లు. రోజూ బస్సెక్కడం కష్టమే. ఎన్నాళ్లకొకసారి రావాలో థెరపిస్టు చెబుతారు. మిగతా రోజుల్లో థెరపిస్టు మీరే. అందుకని బిడ్డను లోపలికి పంపి బయట కూర్చోకండి. పక్కనే ఉండి నేర్చుకోండి. ఇంట్లో ఏం చేయాలో, మూడు నెలల్లో ఏ మార్పు కోసం చూడాలో మొదటిరోజే అడగండి.

స్నానం చేయిస్తూ, అన్నం తినిపిస్తూ బిడ్డ ముఖంలోకి చూసి చిన్న చిన్న మాటలు చెప్పండి. బదులు కోసం కాసేపు ఆగండి. ఆ సమయంలో సెల్‌ఫోను, టీవీ వద్దు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. అంగన్‌వాడీలో విచారించండి. నెలలో మాట్లాడిస్తామనే వారిని నమ్మకండి. ఆళ్లగడ్డ శిల్పి కూడా ఒక్క ఉలిదెబ్బకు విగ్రహం చెక్కడు కదా!