ఆన్‌లైన్ చదరంగంలో తొండి: ‘అనుమానం’ అనే మాటకు రెండు అర్థాలు

తెలుగువారి ఆటల్లో నియమభంగానికి ‘తొండి’ అని పేరు. వామనగుంటల్లోనైనా, పులిజూదంలోనైనా తొండిని పట్టేది ఎదుట కూర్చున్నవారి కన్నే. చదరంగం ఆన్‌లైన్‌కు మారడంతో ఆ కంటికి పని లేకుండా పోయింది. స్టాక్‌ఫిష్ వంటి ఉచిత ఇంజిన్ మామూలు ఫోనులో నడుస్తూనే ప్రపంచ విజేతను మించి ఆడగలదు. ఆటగాడి ఒడిలో అలాంటి ఫోను ఉందో లేదో ప్రత్యర్థికి కనబడదు. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ప్రత్యక్ష ప్రమాణం పోయి అనుమాన ప్రమాణం మిగిలింది. వాడుక తెలుగులో అనుమానమంటే శంక. చిక్కంతా ఈ రెండు అర్థాల నడుమనే ఉంది.

సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురిలో ఇంటినుంచే శిక్షణ పొందుతున్న, 1300 రేటింగ్ గల ఒక బాలుడు వరుసగా 30 ఎత్తులు ఇంజిన్ మొదటి ఎంపికతో సరిపోయేలా ఆడాడనుకుందాం. వాటిలో తొలి పది కంఠస్థం చేసిన ప్రారంభపుటెత్తులు కావచ్చు. మరికొన్ని వేరు దారిలేని ఎత్తులు. కాబట్టి సరిపోలిక ఒక్కటే రుజువు కాదు. అయితే తప్పనిసరి ఎత్తుకూ, దూరదృష్టితో చేసిన ఏనుగు బలికీ అతడు సమానంగా ఏడేసి సెకన్లే తీసుకుంటే శంక బలపడుతుంది. బఫెలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెనెత్ రీగన్ రూపొందించిన గణాంక పద్ధతి, రేటింగ్‌ను బట్టి ఆశించదగిన ఆటకూ వాస్తవంగా ఆడిన ఆటకూ మధ్య దూరాన్ని కొలుస్తుంది. కాని ఎదిగే పిల్లల విషయంలో రేటింగే వెనకబడి ఉంటుంది. కోవిడ్ కాలంలో రేటింగ్ పోటీలు ఆగిపోయినప్పుడు ఈ అంతరం మరింత పెరిగింది. పైగా పదివేల ఆటలకు ఒక్కసారే పొరబడే పరీక్షను పెట్టినా, పది లక్షల నిజాయితీ ఆటల్లో నూరు తప్పుగా పట్టుబడతాయి.

శంకకు తావిచ్చేది ఇంజిన్ ఒక్కటే కాదు. 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక భారత జట్టులో ఉన్నారు. క్వార్టర్‌ఫైనల్‌లో ఆర్మేనియా ఆటగాడికి సంబంధం తెగి ఆట పోయింది. అప్పీలు నిలవకపోవడంతో ఆ జట్టు వైదొలగింది. ఫైనల్లో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌లకూ అదే జరిగింది. అప్పుడు లోపం ప్రపంచవ్యాప్త అంతర్జాల అంతరాయానిదని తేలడంతో భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించారు. ఆ నిర్ణయం సబబే. అయితే లోపం ఇంటి తీగలోనిదా, వెలుపలిదా అన్నది నిరూపించగల స్తోమత అందరికీ ఉండదు.

ఒప్పుకోలు ఉన్నచోట తీర్పు సులువు. 2021 జూన్‌లో విరాళాల కోసం జరిగిన ఆటలో విశ్వనాథన్ ఆనంద్‌పై గెలిచిన నిఖిల్ కామత్, కంప్యూటర్ సాయం పొందినట్లు మరునాడే అంగీకరించారు. హాన్స్ నీమన్ 12, 16 ఏళ్ల వయసులో ఆన్‌లైన్‌లో మోసగించినట్లు ఒప్పుకున్నాడు. నూరుకు పైగా ఆటల్లో మోసగించి ఉండవచ్చన్నది చెస్.కామ్ 2022 నివేదిక. బోర్డు ముందు ఆడిన ఆటల్లో మాత్రం ఫిడే విచారణకు ఆధారం దొరకలేదు. 2023 డిసెంబరులో 10,000 యూరోల జరిమానా పడింది, పోటీనుంచి తగిన కారణం లేకుండా తప్పుకున్న మాగ్నస్ కార్ల్‌సెన్‌కు.

ప్రసిద్ధులకు న్యాయవాదులు, విచారణ సంఘాలు ఉంటాయి. సైనిక్‌పురి బాలుడికి వచ్చేది ఒక ఈమెయిలు. ఏ ఎత్తు శంకాస్పదమో సాధారణంగా అందులో ఉండదు, చెబితే తప్పించుకునే ఉపాయం నేర్పినట్లవుతుందని వేదికలు భావిస్తాయి. విజ్ఞప్తిని పరిశీలించేదీ ఖాతా మూసిన ఆ సంస్థే. అతడి ఫిడే రేటింగ్‌ చెక్కుచెదరదు. తరగతిలోని తోటి పిల్లలకు మాత్రం తెలిసేది ఖాతా మూతపడిందన్న ఒక్క సంగతే.